అయస్కాంతం ఊగింది, అక్క ఉద్యోగం ఊడింది

గీత వంకర పోయింది మీ పరికరంలో. పని పోయింది గది ఊడ్చే అక్కకి. ఇది మీ చేతి చలవే, మేడమీది మేధావులారా! అయినా తిట్టడానికి కాదు ఈ రాత. కింది అంతస్తు మాట పై అంతస్తుకు వినపడకపోవడం లోకానికి ఎంత వరమో చాటడానికి!

ఒకటే భవనం. కింద వాతావరణం వాళ్ళు, బెలూన్లు ఎగరేసి గాలిని చూస్తారు. పైన భూమి అయస్కాంతాన్ని కొలిచేవాళ్ళు. మధ్యలో మెట్లు, మెట్లకు గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. కిందివాళ్ళు ఎక్కాలంటే డైరెక్టరు అనుమతి కావాలి. పైవాళ్ళు దిగాలంటే నామోషీ!

అయస్కాంతాన్ని కొలిచే పరికరం పెరట్లో ఇనుప మేకైనా లేకుండా కట్టిన గదిలో ఉంటుంది. పోయిన వారమంతా అది గీసే గీత తాగినవాడిలా తూలింది. ఇలాంటప్పుడు మేడమీద ఒక సిద్ధాంతం ఉంది. గీత తూలితే తప్పు తుఫాన్లు రేపే సూర్యుడిది. సూర్యుడు ఈ వారంలా బుద్ధిగా ఉంటే తప్పు ఇనుముది. ఇనుము ఎవరు తెస్తారు? డాక్టరేట్లు తెస్తాయా? ఊడ్చేవాళ్ళే తెస్తారు!

ఆఫీసు టైపిస్టమ్మ చేత అక్కని తనిఖీ చేయించారు. కొంగున ఒక పిన్నీసు దొరికింది. ఇంకేం, దొంగ దొరికినట్టే!

"పెళ్ళయినప్పట్నుంచీ నా కొంగుకే ఉంది సారూ ఇది. ఈ వారమే దానికి పూనకం వచ్చిందా?" అంది అక్క.

"సైన్సు నీకేం తెలుసు? రేపట్నుంచి రావద్దు."

కళ్ళు తుడుచుకుంటూ దిగింది. కింది ఆఫీసరు టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు.

"నీ తప్పేం లేదక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ వారం కింది గాలి భారీగా ఊగింది. ఆ ఊపు పైకెక్కేకొద్దీ గాలి పల్చబడుతుంది, ఊపు పెరుగుతుంది. బాగా పైన విద్యుత్తు నిండిన గాలి ఉంటుంది. దాన్ని కదిపితే అక్కడ కరెంటు పారుతుంది, కరెంటు పారితే అయస్కాంత శక్తి పుడుతుంది. దానికే ఇక్కడ మీ గీత తూలింది."

"ఆ ముక్కేదో పైకెళ్ళి చెప్పు తమ్ముడూ!"

"అమ్మో! మా హద్దు కింది గాలి వరకే. పై సంగతి ఎత్తితే మెమో చేతిలో పెడతారు."

చూశారా క్రమశిక్షణ! గాలికి సిగ్గు లేదు. ఎవరి సంతకమూ లేకుండా వంద కిలోమీటర్లు ఎక్కిపోయి పైవాళ్ళను కుదిపేస్తుంది. మనిషి అలా చేస్తాడా? మేడ మెట్లు చూస్తేనే వణుకుతాడు. నాగరికత అంటే అదీ!

కింది మాట పైకి పోవడం మొదలైతే ఎంత ప్రమాదం! రోగి వాలకం బాగాలేదని ఆయా అంటే డాక్టరు లేచి రావాలి. వంతెన బీటలిచ్చిందని మేస్త్రీ అంటే ఇంజనీరు కారు దిగాలి. పెద్దవాళ్ళకి ఎంత శ్రమ!

అన్నట్టు, సముద్రాల అవతల ఉన్న పరికరాల్లో కూడా అదే వారం గీతలు తూలాయట. అక్క పిన్నీసు మహిమ అంతటిది!

ఇంటికెళ్తే, నడుం పట్టేసి, లేచి నిలబడితే ఊగిపోతూ మంచం దిగని మొగుడు నవ్వించబోయాడు. "నీ పిన్నీసుకి భూమే ఊగిందా? ఈ కొంపలో నేనొక్కణ్ణే ఊగుతున్నాననుకున్నానే!"

అక్క నవ్వలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. పైగా 'తనిఖీ' అన్న మాట వీధిలోకి వచ్చేసరికి 'దొంగతనం' అయి కూర్చుంది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్ళు తమ చెంబులు దగ్గరికి లాక్కుంటున్నారు.

పొగిడింది చాలు. మీకు రానిది సైన్సు కాదయ్యా, కిందివాణ్ణి అడగడం! కింది గాలి లెక్కలు తెప్పించి మీ గీత పక్కన పెట్టి చూడండి. ఆ గ్రిల్లు పీకించండి. అక్కని పిలవడానికి ప్యూన్ని పంపొద్దు. తనిఖీ చేయించిన పెద్దమనుషులే ఆ కుళాయి దగ్గరికి వెళ్ళి, నలుగురూ వింటుండగా "తప్పు మాది" అని చెప్పి, ఆమెను పనికి తీసుకురండి. రేపు కాదు. ఇవాళే!