పదింటికి ఎక్కి పదింటికే దిగడం

ప్రయాణం చేయాలంటే ఇల్లు కదలాలన్నది పాతకాలపు మూఢనమ్మకం! అనుమానముంటే అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఉన్న దక్షిణామూర్తిగారి సోఫా చూసి రండి. పదకొండేళ్లుగా ఆయన యూరప్ అంతా తిరుగుతున్నది దాని మీదే!

పేరు దక్షిణామూర్తి, చూపు మాత్రం ఉత్తర యూరప్ వైపు. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే చాలు, మధ్య దూరమెంతో, ఫ్లయిట్ ఎంతసేపో చెప్పే సైట్లున్నాయి చూశారూ, అవే ఆయన గరుడవాహనాలు. వియన్నా నుంచి జూరిక్ గంటా ఇరవై! జూరిక్ నుంచి రోమ్ గంటన్నర! క్యూలో నిలబడక్కర్లేదు, బెల్టు విప్పక్కర్లేదు, సూట్‌కేసు తప్పిపోదు. ఇది గగనయానం కాదండీ, గణనయానం!

ఇన్ని సుఖాలుండగా భార్య నళినికి ఒకటే గొడవ. కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఉష, అమెరికా వచ్చి పదకొండేళ్లైనా కళ్లబడలేదు. ఇప్పుడు హెర్న్‌డన్‌లో ఇల్లు కొనుక్కుంది. శనివారం గృహప్రవేశం.

"ఈసారైనా వెళ్దామండీ. దాని పెద్దపిల్ల పెళ్లికీ వెళ్లలేదు, చిన్నదాని గ్రాడ్యుయేషన్‌కీ వెళ్లలేదు."

"యూరప్ ప్లాన్ ఫైనల్ చేయనీ, తర్వాత చూద్దాం."

బుధవారం సాయంత్రం ఆ సోఫాలో చరిత్ర మలుపు తిరిగింది.

"నళినీ, ఇలా రా! హెల్సింకీలో పదింటికి ఎక్కితే స్టాక్‌హోమ్‌లో పదింటికే దిగుతాం!"

"అదెలాగండీ?"

"ఫ్లయిట్ గంట. అక్కడ గడియారం గంట వెనక. గంటలోంచి గంట తీసేస్తే జీరో! మన వెకేషన్‌లో ఒక్క నిమిషం వేస్ట్ అవ్వదు."

"మరి తిరిగొచ్చేటప్పుడో?"

"రెండు గంటలు పోతాయి. అందుకే తిరిగి రాం!"

ఎంత దూరదృష్టి! ఇలా పడమటికే పోతూ ఉంటే మనిషికి ముసలితనం వస్తుందా? మోకాళ్ల నొప్పి వస్తుందా? భూమి గుండ్రంగా ఉండి చెడగొట్టింది గానీ!

ఆరు రోజుల్లో తొమ్మిది దేశాలు ఇరికించిన ఆ ఎక్సెల్ షీటుకి ఇది నలభై ఏడో వెర్షన్. "రోమ్‌లో లంచ్‌కి ఇరవై నిమిషాలిచ్చాను. ఎక్కువైందంటావా?" అన్నారు. పాస్‌పోర్ట్ గడువు తీరి మూడేళ్లైందన్న కాలమ్ మాత్రం ఆ షీటులో లేదు.

నళిని వచ్చి పక్కన కూర్చుంది. "సరే గానీ, మన ఓహేర్ నుంచి ఉష వాళ్ల ఎయిర్‌పోర్టుకి ఎంతసేపో కొట్టండి."

అడగడమే ఆలస్యం, ఆయన వేళ్లకి రెక్కలొచ్చాయి. "ఐదొందల తొంభై మైళ్లు. రెండు గంటల లోపే! అరె, ఇంత దగ్గరా!" అంతలోనే ముఖం వాడిపోయింది. "కానీ ఇది తూర్పుకి కదా. గడియారంలో మనకి ఒక గంట లాస్. వద్దులే."

"ఆ గంటేదో నేను పోగొట్టుకుంటాలెండి. నాకొక్కదానికే టికెట్ బుక్ చేసుకున్నాను."

శనివారం ఫోన్‌కి ఫొటో వచ్చింది. పాలు పొంగుతున్న గిన్నె ముందు, ఒక్కరికే సరిపోయే పీట మీద ఇద్దరు ఆడవాళ్లు ఇరుక్కుని కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

దక్షిణామూర్తిగారు ఫొటోని పెద్దది చేసి చాలాసేపు చూశారు. చూస్తూండగానే ఆకలేసింది. సోఫా నుంచి ఫ్రిజ్‌కి పదహారడుగులు.

అదీ తూర్పు దిక్కే! ఆయనింకా ప్లాన్ వేస్తున్నారు.