మిట్టపల్లె జలరథం

ఆ ఎండాకాలం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: తిరుపతిలో ఒక శెనగనూనె కొట్టు, ఒక ఎద్దులబండి, నాలుగు ఖాళీ నూనె పీపాలు. పీపాలను సీకాయపొడితో తోమి ఎండబెట్టాను కూడా. వడమాలపేట దగ్గర మిట్టపల్లెలో బావి ఎండిపోయింది, నాలుగు పీపాల నీళ్లు తోలించమని గురవమ్మ వచ్చి అడిగింది. ఏటా నాకు శెనక్కాయలు వేసే మనిషి. రేపటి నుంచి తోలిస్తానన్నాను.

ఆ సాయంత్రమే పంచాయతీ సమితి ప్రెసిడెంటు ఆదిమూలం గారు సభ పెట్టి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు.

"ఇంక మన సమితిలో నీళ్ల కోసం ఎవురూ నడవబల్లేదు. నీళ్లే నడిసొస్తాయి. హెవీ డ్యూటీ పికప్పు కొంటా ఉండాం. పేరు జలరథం."

అందరికంటే ముందు నేను చప్పట్లు కొట్టాను. ఆ అర్హత మీద నన్ను కొనుగోలు కమిటీలో వేశారు. కమిటీ మెంబరుగా నాకందిన మొదటి ఆర్డరు, ఎద్దులబండి తోలరాదని.

"నీ బండి నీళ్లు మోస్తే గవర్నమెంటు పరువు యాడుంటాది శెట్టీ?" అన్నారు ఆదిమూలం గారు.

నిజమే. పరువు లాగడానికి రెండెద్దులు చాలవు. రథం వచ్చేదాకా ఓర్చుకోమని గురవమ్మకు కబురు చేశాను.

మద్రాసు షోరూములో సేల్సుమాను మర్యాదస్తుడు.

"ఏం లోడు ఏస్తారు సార్?"

"ప్రజాసేవ," అన్నారు ఆదిమూలం గారు.

"అది ఎన్ని టన్నులుంటాది సార్?"

"ఉండేదాంట్లో పెద్దది చూపించబ్బా."

"రోడ్డు ఎట్లాంటిది సార్?"

"రోడ్డింకా శాంక్షన్ కాలేదు."

సేల్సుమాను బిల్లు పుస్తకం తీశాడు. మాకిచ్చిన బండికి ఇంజనూ, డ్రైవరు గదీ తప్ప వెనకంతా ఉత్త ఛాసిస్, చక్రాల మీద ఇనప చట్రం. బాడీ మన ఇష్టం. ఇష్టాలకు మా సమితిలో ఏనాడూ కరువు రాలేదు.

చిత్తూరులో బాడీలు కట్టే ప్రేమానందం, షెడ్డు నేల మీద సుద్దముక్కతో బండి గీశాడు. నడుమ నీళ్ల ట్యాంకు గీశాడు.

"దాని ముందర నాకొక కుర్చీ. తిరిగేది," అన్నారు ఆదిమూలం గారు. "ప్రజలు నాలుగు పక్కలా ఉంటారు గదా."

ట్యాంకు కాస్త వెనక్కి జరిగింది. కుర్చీకి గొడుగు వచ్చింది. గొడుగుకు నాలుగు మైకు హారన్లు, ఎక్కడానికి మెట్లు, మెట్లకు కమ్మీలు, దండలకు కొక్కేలు. ప్రేమానందం చెరిపి గీస్తున్న కొద్దీ ట్యాంకు పీపా అయింది, పీపా బానయింది. అప్పుడు ఆదిమూలం గారికి శిలాఫలకం గుర్తొచ్చింది.

"ఊరూరా ప్రారంభోత్సవం, ఊరూరా రాయి అంటే దండగ. ఒకే రాయి చెక్కించి బండిలోనే బిగిద్దాం. ఊరి పేరు కాడ మాత్రం సుద్దతో రాసుకుంటే పోతాది."

వ్యాపారంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఇంత పొదుపు నేనెక్కడా చూడలేదు. కుప్పం నల్లరాయి, మనిషి నిలువు. దాన్ని పైకి ఎక్కించి దించేసరికి బండి ప్రసవానికొచ్చిన గేదెలా మూలిగింది.

"ట్యాంకు యాడ పెట్టేది సామీ?" అన్నాడు ప్రేమానందం.

"నీళ్లకు చోటు వెతకాల్నా అప్పా? అవి యాడ పోస్తే ఆడ సర్దుకుంటాయి."

ప్రేమానందం రాయి పక్కన ఒక ఇత్తడి చెంబు బిగించాడు.

ప్రారంభోత్సవం మిట్టపల్లెలో. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాం. మిట్ట ఎక్కుతుండగా ఊరి మొదట్లోనే జలరథం ముక్కులోంచి ఆవిరి చిమ్మి నిలబడిపోయింది. డ్రైవరు ఎల్లప్ప తల బయటపెట్టి కేకేశాడు. మైకు అప్పటికే పనిచేస్తోంది.

"నీళ్లు కావాల!"

నాలుగు హారన్లూ ఆ మాటను కొండల దాకా చేర్చాయి. ఖాళీ బిందెలతో నిలుచున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గురవమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఏం శెట్టీ, నీళ్లు తెస్తారంటిరి. అడుక్కోను వచ్చినారా?"

"పెద్ద బండి గదమ్మా. దాహమెక్కువ."

"మా మాదిరే."

పొద్దున్నుంచీ ఏటి చెలమలో తోడుకున్న ఒక్క బిందెడు నీళ్లూ ఆమె తెచ్చి పోసింది. రేడియేటరు గుటకలేసి ఇంకా కావాలంది. ఆదిమూలం గారు కుర్చీలో ఒక చుట్టు తిరిగి, ప్రజలే ప్రభుత్వానికి నీళ్లిచ్చిన మొట్టమొదటి సమితి మనదేనని ప్రకటించారు. తర్వాత మైకు మూసి నన్ను పిలిచారు.

"శెట్టీ, రేపటి నుంచి నీళ్లు పోసుకుని నీ ఎద్దులబండి తోలించు."

"గవర్నమెంటు పరువు..."

"పరువు ముందర పోతాది. నీ బండి వెనక రావాల."

మర్నాటి నుంచి ఊరూరి ప్రారంభోత్సవాలకు రథం ముందు, నాలుగు నిండు పీపాలతో నా బండి వెనక. గురవమ్మ ఎల్లప్పకు రోజూ సంగటి ముద్ద పెట్టి ఏదో చెప్పేది. ఏం చెప్పిందో గానీ, రథం మిట్టపల్లెలో ఆగకుండా పోయిన రోజు లేదు. రేడియేటరు తాగగా మిగిలింది తిరిగి మోయడం ఎద్దులకు కష్టమని అక్కడే బిందెల్లో పోసేవాళ్లం.

నెల తిరక్కుండా ఆదిమూలం గారు కొత్త రేడియేటరు శాంక్షన్ చేయించారు. కబురు తెలిసి మిట్టపల్లె ఆడవాళ్లంతా సమితి ఆఫీసు ముందు బైఠాయించారు.

"ఏం కావాలమ్మా మీకు?" అన్నారాయన.

"మాకేం వద్దు సామీ," అంది గురవమ్మ. "కుర్చీలో మీరే కూసోండి, రాయి మీరే ఉంచుకోండి. ఆ బండిని మాత్రం బాగు చేయించొద్దండి."

జలరథం మీద ప్రజల ప్రేమకు ఆదిమూలం గారి కళ్లు చెమర్చాయి. మా సమితిలో అడిగిన రోజే తీరిన కోరిక అదొక్కటే.

ఎండాకాలం చివరికి నా లెక్క: కొట్టు అదే. బండి అదే. పీపాలు నాలుగే, రోజూ నిండుతున్నాయి. రథం మీది ఇత్తడి చెంబు మాత్రం ఖాళీగానే ఉంది.