సిద్దమ్మ వీధికి ట్యాంకర్లు

ఆ రోజు పొద్దున్నే నందిని వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి నల్లప్పకు ప్రోగ్రాం చూపించాలి, ఆయన ఊ అనాలి, సాయంత్రానికి తన ఉద్యోగం ఖాయం కావాలి. ఆయన ఊహూ అంటే మాత్రం సంచి సర్దుకోవచ్చని యజమాని గురప్ప ముందే చెప్పాడు. అలాంటి మాట మొహమాటం లేకుండా చెప్పడంలో గురప్పది అందె వేసిన చెయ్యి.

నల్లప్పకు రాప్తాడు దగ్గర బోరు, అనంతపురం నిండా తిరిగే నీళ్ల ట్యాంకర్లు ఉన్నాయి. ఎవరైనా ఆయన వెబ్‌సైట్లో ట్యాంకరు అడిగితే, ఆ విన్నపం అందుకుని ఏం చేయాలో తేల్చే కంట్రోలర్‌ను నందిని రాసింది. అది సరేనంటే ‘మీ వీధికి నల్లప్ప ట్యాంకరు వస్తోంది’ అని అడిగినవాళ్ల సెల్లుకు మెసేజ్ పోతుంది. పరీక్షించిన ప్రతిసారీ నిజంగా పోతే కొంప మునుగుతుంది కనుక, పంపే భాగానికి బదులు ఆమె ఒక డమ్మీని కూర్చోబెట్టింది. అది ఏమీ పంపదు, పంపేశానని మాత్రం చెబుతుంది. ఎలాగూ పోని మెసేజే కదా అని, పరీక్షకు కావలసిన నంబరుగా తాను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు సిద్దమ్మ నంబరు ఇచ్చేసింది.

తెరమీద ‘డమ్మీ’ అన్న మాట గురప్ప కంటపడింది.

"ఈ డమ్మీ ఏంది పాపా?"

నందిని ఓపికగా వివరించింది. గురప్ప అంతా విని ఒక్క ముక్క పట్టుకున్నాడు.

"నల్లప్పన్న ముందర దొంగ సరుకు పెడతావా? తీసెయ్. అంతా అసలుదే ఉండాల."

చేసేదిలేక ఆమె డమ్మీని తీసి, మెసేజ్‌లు పంపడానికి కంప్యూటరుకు వైరుతో కట్టిన అసలు సెల్లును తగిలించింది. ఏది ముట్టుకున్నా పరీక్షలు మళ్లీ నడపనిదే ఆమెకు మనసొప్పదు. నడిపింది. మెసేజ్ పోతున్నా సెల్లు నత్తనడక నడవడంతో, పరీక్ష దానికోసం చూసి చూసి తప్పినట్టు ఎర్రగీత చూపించింది. తప్పు తన కంట్రోలర్‌దేమోనని ఏదో మార్చి మళ్లీ నడిపింది. ఎన్నిసార్లు మార్చి నడిపినా ఎరుపే. సిద్దమ్మ నంబరు సంగతి ఆమె పూర్తిగా మరిచిపోయింది.

వెనకవీధిలో సిద్దమ్మ సెల్లు మోగుతూనే ఉంది. పక్కింటివాళ్లు చదివి చెప్పారు. ఒక్కటే వచ్చుంటే ఆమె నమ్మేది కాదు, నీళ్లిస్తామన్న మాటలు జన్మలో చాలా విన్నది. ఆగకుండా వస్తుంటే మెసేజుకొక ట్యాంకరని లెక్క కట్టి, వీధంతా చాటింది. బిందెలు వరుస కట్టాయి. బిందె కోసం ఇంటికి పరిగెత్తినవాళ్లు తమ వంతుకు గుర్తుగా రాయో, చెప్పో పెట్టిపోయారు. పక్కవీధులూ దిగాయి. వరుస మలుపు తిరిగి, గురప్ప ఆఫీసు కిందుగా పెద్దరోడ్డెక్కి, వస్తున్న నల్లప్ప జీపును ఆపేసింది.

కిటికీలోంచి సిద్దమ్మను, ఆమె చేతిలో సెల్లును చూసేసరికి నందినికి తానిచ్చిన నంబరు గుర్తొచ్చింది. జరిగింది గురప్పకు చెప్పేసింది. ఆయన ఆమె సంచి తెచ్చి చేతికిచ్చాడు. నిజంగానే ఏడుపొచ్చింది ఆమెకు.

కింద నల్లప్ప తిట్టడానికే జీపు దిగాడు. సిద్దమ్మ ఎదురొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"ఈ ఎండాకాలంలో ఇన్ని ట్యాంకర్లు ఎవురు పంపుతారప్పా! నీ కడుపు సల్లగుండ."

వరుస వరుసంతా ఆయనకు దండం పెట్టింది. ఆ ఏడాది మున్సిపల్ ఎన్నికల్లో నిలబడాలని నల్లప్పకు మహా కోరిక. తెరిచిన నోరు మూసుకుని, వరుస చివరిదాకా ఒకసారి తలలు లెక్కేసుకుని, ఫోను తీశాడు. ఉన్న బండ్లన్నీ ఇటు తోలమన్నాడు.

తర్వాత మేడెక్కాడు. కంప్యూటరు వైపు చూడనైనా లేదు. ఇది ఎవరి పని అని అడిగాడు.

"టెస్టు చేస్తాంటే పొరపాటున పోయినాయి సార్," అంది నందిని, సంచి గుండెలకు పట్టుకుని.

"నా వార్డులో ఇంగా మూడు వీధులుండాయి పాపా. ఆడ గూడా టెస్టు చెయ్."

గురప్ప మెల్లగా వచ్చి ఆమె చేతిలో సంచి తీసుకుని కొక్కేనికి తగిలించాడు. అక్కడికక్కడే నందిని ఉద్యోగం ఖాయమైంది, ఎన్నికలు అయ్యేదాకా.