మొదటి రకం సీసా

క్యాన్సర్‌ను కనిపెట్టడానికి ముందు, క్యాన్సర్‌ను కనిపెట్టే ద్రవం నాణ్యతను స్టోర్స్ విభాగం కనిపెట్టాలి. ఆధునిక వైద్యానికి ఇదే పునాది. నూజివీడులో మా ఆసుపత్రి ఈ పునాదిని ఎంత శ్రద్ధగా వేసిందంటే, పైన గోడలు లేపే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఈ మే నెలలో మా ల్యాబ్‌కు యాంటీబాడీ వచ్చింది. కంటి చుక్కల సీసా కంటే చిన్న సీసా, అడుగున కాస్త ద్రవం. రొమ్ము గడ్డ నుంచి తీసిన ముక్క మీద వేస్తే, హెర్-టూ అనే ప్రొటీన్ ఉన్నచోట అతుక్కుంటుంది. ఆపైన రంగు వేస్తే అక్కడ గోధుమరంగు తేలుతుంది. బాగా తేలితే ఆ రోగికి పనిచేసే ప్రత్యేకమైన మందు ఉంది. తేలకపోతే ఆ మందు ఇవ్వరు. రెడ్డిగూడెం తోటల్లో కూలికి వెళ్లే సరోజ గారి ముక్క ఈ సీసా కోసమే ఎదురుచూస్తోంది. (సరోజ గారూ ఎదురుచూస్తున్నారు గానీ, రికార్డు ప్రకారం ఎదురుచూసేది ముక్కే.)

సీసాను ఫ్రిజ్‌లో పెట్టాలని పెట్టె మీదే రాసి ఉంది. తనిఖీ కాని సరుకు ఫ్రిజ్ ఎక్కకూడదని స్టోర్స్ నిబంధన. తనిఖీ కమిటీ అధ్యక్షులు లక్ష్మీనరసింహారావు గారు. మామిడి వ్యాపారం చేసే కుటుంబం. కాయను ముట్టుకుని అది ఏ తోటదో చెప్పగలరు. (అందుకే ఆయన్ని వైద్య సామగ్రికి వేశారు.)

పెట్టె తెరిచి, ఐస్ చూసి, ఆయన నొచ్చుకున్నారు.

"ఐసులో పెట్టి పంపాడంటే లోపలేదో మచ్చ ఉన్నట్టేనమ్మా. చల్లదనం దిగితేగానీ సరుకు అసలు రంగు బయటపడదు."

"ఇది కాయ కాదండీ. వేడికి పాడైపోద్ది."

"మంచి సరుకైతే ఎందుకు పాడైపోద్ది?"

నా డిగ్రీని పక్కన పెట్టి, పెట్టె మీద రాసింది చూపించాను. వరిగడ్డి పరిచిన గంపలో, కాయలు మాగబెట్టినట్టు, సీసాను పడుకోబెట్టి కిటికీ పక్కన ఉంచారు. మిగతా సభ్యులు విస్సన్నపేట మార్కెట్ నుంచి తీరిక చేసుకుని వచ్చేసరికి వారం దాటింది. వాసన చూశారు. వెలుతురుకు పట్టి చూశారు. మచ్చ లేదు, కుళ్లు లేదు. 'మొదటి రకం' అని చీటీ అంటించి, సగౌరవంగా ఫ్రిజ్‌లో పెట్టించారు.

పరీక్ష చేశాను. సరోజ గారి ముక్కకు రంగు రాలేదు. ఆ ప్రొటీన్ ఉందని ముందే తెలిసిన పాత ముక్క ఒకటి ప్రతిసారీ పక్కన పెట్టి చూస్తాం, దానికీ రాలేదు. అంటే పనిచేయనిది సీసాయే.

"రెండింటికీ లేదా? శుభవార్తే కదమ్మా! లేదని రాసెయ్," అన్నారు లక్ష్మీనరసింహారావు గారు.

రాయనన్నాను. కొత్త సీసా కావాలన్నాను. పాతది పాడైందని కమిటీ ధ్రువీకరిస్తేనే కొత్తది వస్తుందట. కమిటీ మళ్లీ వాసన చూడటానికి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం సరోజ గారు ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చారు.

"నా సంగతేమైందమ్మా?"

"ముందు సీసా సంగతి తేలాలండీ."

"గడ్డ పెరుగుతా ఉందమ్మా. చెయ్యి పైకి లేవట్లా. కాసేపు ఆగమని దానికెవరన్నా చెప్పారా మరి?"

చెప్పే అధికారం ఎవరికుందో నిబంధనల్లో వెతికాను; ఎవరికీ లేదు. సాయంత్రానికి కమిటీ నివేదిక అందింది. సీసా సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది.