సంపూర్ణమ్మకు ఒక రోజు బ్రేకు

కిరీటికి ఏడేళ్లుగా ఉద్యోగం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. సర్కారు ఆఫీసులో తాత్కాలిక టైపిస్టు. ఎనభై తొమ్మిది రోజులు పని చేయించుకుని, తొంభయ్యో రోజు ‘బ్రేకు’ అని ఇంటికి పంపి, ఆ మర్నాడు ముఖం ఎరగనట్టు కొత్తగా చేర్చుకునేవారు. అలా చేస్తే సర్వీసు అతుక్కోదట, పర్మినెంటు చెయ్యక్కర్లేదట.

ఈసారి బ్రేకులో అతని కుర్చీలో ఇంకో తాత్కాలికుణ్ణి కూర్చోబెట్టారు. కిరీటి కోర్టుకెక్కి నెగ్గాడు. నోటీసివ్వకుండా, సంజాయిషీ వినకుండా తీసేయకూడదనీ, ఒక తాత్కాలికుడి చోట మరో తాత్కాలికుణ్ణి పెట్టకూడదనీ ఆర్డరొచ్చింది.

ఆ సాయంత్రం పటమటలోని అద్దెవాటాలో బందరు లడ్డు పంచి, పనిమనిషి సంపూర్ణమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆర్డరంతా తెలుగులో చదివి వినిపించాడు.

ఆమె శ్రద్ధగా వింది. “బాగుంది బాబూ. తిన్న కంచం సింకులో వెయ్యని మనిషికి ఇంత పెద్ద ఆర్డరు ఎట్టా ఇచ్చారో!”

భార్య మనోజ్ఞ ఒళ్లో పాప ఉలిక్కిపడేలా నవ్వింది. కిరీటికి లడ్డు గొంతుకడ్డం పడింది.

ఆ మాట మింగుడుపడక రెండు రోజులు ఆలోచించి, ఆమెను మాన్పించడానికి తనకు బాగా తెలిసిన పద్ధతే ఎంచుకున్నాడు.

“సంపూర్ణమ్మా, రేపు నీకు సెలవు. హాయిగా పడుకో.”

మనోజ్ఞతో మాత్రం, “ఆమెకు ఒంట్లో బాగాలేదట” అన్నాడు. బెంజ్ సర్కిల్ వెనక సందులో ఉండే ఫక్రున్నీసాను పనికి గుట్టుగా కుదిర్చాడు.

పొద్దున్నే ఫక్రున్నీసా వచ్చేసరికి సంపూర్ణమ్మ మెట్ల మీద కూర్చునుంది.

“సెలవన్నానుగా!” అన్నాడు కిరీటి.

“బ్రేకిచ్చి చోటెత్తేస్తారని మీరే చదివారుగా బాబూ. నోటీసేది?”

“పనిమనిషికి నోటీసేంటి?”

“పోనీ నా తప్పేంటో చెప్పండి. నా మాటా వినండి.”

తప్పు కోసం వెతికితే కిరీటికి కంచం తప్ప ఏదీ గుర్తు రాలేదు.

“ఈ అక్క చోట్లోకా నన్ను పిలిచింది? నాకొద్దండీ. ఇవాళ ఈమెను తీసినాయన రేపు నన్ను తియ్యడా?” అని ఫక్రున్నీసా కూడా మెట్టు మీద చతికిలబడింది.

పై వాటాలకు వెళ్లాల్సిన పనివాళ్లు చీపుళ్లతో సహా అక్కడే ఆగిపోయారు.

“ఏం ఆర్డరేశావయ్యా కిరీటీ? బిల్డింగంతా ఆగిపోయింది!” మూడో అంతస్తు నుంచి ఇంటి ఓనరు రామకోటేశ్వరరావు గారు అరిచారు.

లోపల పప్పు మాడింది. పాప రాగం ఎత్తుకుంది. మనోజ్ఞ బయటికొచ్చింది.

“ఒంట్లో బాగాలేదన్నారు?”

“ఇప్పుడు... తగ్గినట్టుంది.”

ఆమె దేవుడి అరలోంచి లామినేషన్ చేయించిన ఆర్డరు తెచ్చి చేతిలో పెట్టింది. “ఇంకోసారి చదవండి.”

“కళ్లజోడు లేదే.”

“మొన్న అది లేకుండానే చదివారు.”

చదివాడు. ఆ సాయంత్రం మోగిన గొంతు మెట్ల మీద మూలిగింది.

“తీసేసింది లేదు సంపూర్ణమ్మా. ఉత్త బ్రేకే.”

“సర్వీసులో కలిసిద్దా?”

“కలుస్తుంది.”

“అయితే సెలవు వాడుకుంటా బాబూ. రేపొస్తా.” ఫక్రున్నీసాను వెంటేసుకుని టీకి వెళ్లిపోయింది.

మాడిన పప్పుగిన్నె ముందు కిరీటి నిలబడ్డాడు. “ఆఫీసుకి టైమవుతోందే!”

“బ్రేకని చెప్పండి.”

మోచేతుల దాకా నురగతో, “ఈ ఒక్కరోజుకేగా?” అన్నాడు.

“ఏడేళ్లుగా నిద్దట్లో కూడా పర్మినెంటు పోస్టని కలవరిస్తున్నారుగా. ఇక నుంచి సంపూర్ణమ్మకు ఆదివారం సెలవు, ఆ గిన్నెలు మీవి,” అంది మనోజ్ఞ, పాపను భుజం మార్చుకుంటూ. “ఈ పోస్టులో బ్రేకుల్లేవు.”