ఆదిశేషమ్మ పాలిపోయిన రీలు

ఆ ఉదయం ఫొటో స్టూడియో నడిపే అమీర్ బాషా అనుకున్నది చిన్న పనే. ఊళ్ళోని ముసలావిడ ఆదిశేషమ్మను కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫొటోల రీలు కడిగి, సాయంత్రం వాళ్ళ వసారాలో పంచె తెరగా కట్టి బొమ్మల లాంతరుతో చూపించాలి. కలర్ ఫొటో అంటే బాషాదే అని కోట ఊరంతా చెప్పుకోవాలి. చిక్కల్లా రీళ్ళు కడిగే మందుతోనే. మద్రాసు హార్బరులో పనిచేసే బావమరిది సంపాదించి ఇచ్చిన ఆ మందును కలిపాక నెలకు మించి ఉంచొద్దనీ, ఎనిమిది రీళ్ళకు మించి కడగొద్దనీ డబ్బా మీదే రాసి ఉంది. నెల ఎప్పుడో దాటింది. రీళ్ళ లెక్క బాషా ఎన్నడూ పెట్టుకోలేదు.

"ఆ కషాయం పారబొయ్యరాదా? నల్లంగా తిరిగిపొయ్యుండాది" అంది భార్య నూర్జాన్.

"పిచ్చిదానా! చేపల పులుసు వండిన పూటే బాగుంటదా? మర్నాడు గదా రుచి!"

సాయంత్రం లాంతరు వెలిగింది. పంచె మీద కుర్చీ కనిపించింది. కుర్చీలో ఆదిశేషమ్మ ఉందంటే ఉంది. ముఖం నీలంగా పాలిపోయింది, కళ్ళున్న చోట రెండు మరకలు మిగిలాయి. సముద్రపు గాలికి పంచె కదిలినప్పుడల్లా ఆ బొమ్మ ఊపిరి తీసి వదులుతున్నట్టుంది.

"ఇదేందిరా బాషా, మాయమ్మ ఇట్టుండాది?" అన్నాడు కొడుకు రంగనాయకులు. కాశీకి పంపమని తల్లి ఏళ్ళ తరబడి అడుగుతుంటే ఒకసారి నాట్లనీ, ఇంకోసారి కోతలనీ దాటేస్తూ వచ్చిన మనిషి. ఇప్పుడు లేచి తెర దగ్గరకు వెళ్ళాడు.

మందు చెడిందని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ పేరు పోతుందే! "వెలుతురు చాల్లేదన్నా. ఇంకో రీలు తీస్తా" అన్నాడు బాషా.

ఇంకో రీలూ ఆ మందులోనే మునిగింది, వేరే మందు లేదు గనక. ఈసారి పంచె మీద కుర్చీ వచ్చింది, చీర వచ్చింది, చీర పైన ముఖం మాత్రం రాలేదు. పొరుగింటి వెంకటశేషమ్మ గుండె పట్టుకుంది. "ప్రాణం ముందే పొయ్యింది, మనిషే వెనకబడ్డాది" అంది. మర్నాటి నుంచి పాలమనిషి చెంబు గుమ్మంలోనే పెట్టి పరుగెత్తేది. కోడలు అత్తగారి మంచం దగ్గర పగలే దీపం పెట్టింది. అసలు సంగతి తెలిసిన బాషాకే ఆ ఖాళీ చీర తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది. ఒకవేళ నిజంగానే ముసలమ్మకేమన్నా అయితే, ఆ పాపం ఎవరి మెడకు చుట్టుకుంటుంది?

భయం తట్టుకోలేక ఒకరోజు తెల్లవారగానే వాళ్ళింటికి వెళ్ళాడు. ఆదిశేషమ్మ పెరట్లో చింతపండు గింజ తీస్తోంది.

"అవ్వా, తప్పు నాది. నీకేం కాలేదు. నా మందే చచ్చిపొయ్యుండాది."

ఆమె అటూ ఇటూ చూసి బాషా చెవి పట్టుకుని దగ్గరకు లాగింది. "ఎవురికన్నా చెప్పినావా?"

"లేదవ్వా."

"చెప్పబాకు! ఇన్నేళ్ళు కదలనోడు నిన్న గూడూరు పొయ్యి కాశీకి టిక్కెట్టు తెచ్చినాడు. నేను రైలెక్కిందాకా నోరు మూసుకో. వాడి మనసు మారేటట్టుంటే ఇంకో బొమ్మ తియ్యి. ఈ తడవ చీర గూడా పడకుండా చూడు."

ఆ అవసరం రాలేదు. రంగనాయకులు కళ్ళొత్తుకుంటూ తల్లిని రైలెక్కించాడు. ఆమె నవ్వుతూ వెళ్ళింది. బాషాకు ప్రాణం తేలికపడింది. ఇక ఈ దయ్యాల పని వద్దనుకుని, ఇంటికి రాగానే మందంతా కాలవలో పారబోశాడు.

సీసా కడుక్కుని వచ్చేసరికి స్టూడియో ముందు కోటలోని అత్తగార్లందరూ పట్టుచీరలు కట్టుకుని బారులు తీరి ఉన్నారు. ఆదిశేషమ్మ వెళ్ళేముందు ఎవరి చెవిలో ఏం ఊదిందో దేవుడికెరుక. ముందు నిలబడ్డ వెంకటశేషమ్మ గొంతు తగ్గించింది.

"కొత్త మందు వద్దు నాయనా. ఆదిశేషమ్మ రీలు కడిగిన మందే కావాల. నేను రామేశ్వరం పోవాల."

అమీర్ బాషా వాళ్ళను కూర్చోమని చెప్పి, ఖాళీ సీసాలో బావినీళ్ళు నింపుకుని చీకటి గదిలోకి వెళ్ళాడు.