చావనన్న ఏకాకిని

ఆ ఉదయం దర్శకుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనత్త స్టూడియోకి రావాలి, నాట్యం చెయ్యాలి, చచ్చిపోవాలి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి వెళ్లిపోవాలి.

అతను తీస్తున్నది సినిమా కాదు, వీడియో గేమ్. మంత్రాలూ రాకెట్లూ కలిసి తిరిగే ఆ లోకంలో ఏకాకినులని ఒక కులం ఉంది. కత్తి పట్టి నాట్యం చేస్తూ యుద్ధం చెయ్యడం వాళ్ల వృత్తి. ఒంటరిగా బతకాలి, ఒంటరిగా పోరాడాలి, ఆఖరి అడుగు మీద నేలకొరిగి చావాలి. సాయంత్రం కంపెనీ యజమాని వచ్చి ఆడి చూస్తాడు. నచ్చకపోతే గేమ్ అటకెక్కుతుంది, దర్శకుడు వీధిన పడతాడు. సరిగ్గా ఇప్పుడే నాట్యం చెయ్యాల్సిన అమ్మాయి కాలు మడతపడింది. గత్యంతరం లేక అతను మేనత్తకి ఫోన్ చేశాడు.

మేనత్త నాట్యం టీచరు. పెళ్లి చేసుకోలేదు, ఒక్కతే ఉంటుంది. "ఒంటరి ప్రాణం, చివరికి ఎలా పోతుందో ఏమో" అని బంధువులు ఆవిడ ముందే నిట్టూరుస్తారు. అలా నిట్టూర్చినవాళ్లలో కొందరిని ఆవిడే దగ్గరుండి సాగనంపింది కూడా.

ఒళ్లంతా తెల్లటి గుండీలు అతికించిన నల్లటి బిగుతు దుస్తులు తొడుక్కుందావిడ. ఆ గుండీలు ఎటు కదిలితే కంప్యూటర్లో బొమ్మ అటు కదులుతుంది. చెక్క కత్తి పట్టుకుని ఆవిడ గిర్రున తిరుగుతుంటే దర్శకుడు రెప్ప వెయ్యలేదు. ఆఖరి అడుగు మీద నేలకొరిగింది. అతను ఆహా అనేలోపే లేచి, నేలకి వంగి వందనం చేసింది.

"అత్తయ్యా, చచ్చాక లేవకూడదు!"

"నాట్యం చేసి వందనం పెట్టకుండా నేను ఏనాడూ వేదిక దిగలేదురా. అయినా ఇది ఎందుకు చావాలి?"

"వాళ్ల కులం రాత అంతే."

"ఎవడు రాశాడు?"

"నేనే."

"అయితే చెరిపెయ్!"

మళ్లీ చేయించాడు. మళ్లీ లేచింది. ఈసారి ఇంకాస్త నిటారుగా లేచింది. ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా యజమాని ఫోన్ చేసి, సాయంత్రం కాదు, ఇప్పుడే వస్తున్నానన్నాడు.

"ఆ వందనం కోసెయ్! టైం లేదు, శత్రువులకీ మృగాలకీ అందరికీ ఇదే చావు పెట్టెయ్!" అని కంప్యూటర్ ఆపరేటరుకి చెప్పి, దర్శకుడు గేటు దగ్గరికి పరుగెత్తాడు.

ఆ ఆపరేటరు చిన్నప్పుడు మేనత్త దగ్గర నాట్యం నేర్చుకుంటూ మధ్యలో ఎగ్గొట్టినవాడు. ఆవిడ వచ్చి కుర్చీ వెనక నిలబడేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏదీ, కోయి చూద్దాం" అందావిడ.

పాపం, వాడు ఇద్దరి మాటా కాదనలేదు. అందరికీ అదే చావు పెట్టాడు, వందనం మాత్రం ముట్టుకోలేదు.

యజమాని తెర ముందు కూర్చుని, ఏకాకినితో ఒక శత్రువుని నరికాడు. వాడు పడ్డాడు, లేచాడు, వంగి వందనం చేశాడు. మళ్లీ నరికితే మళ్లీ చేశాడు. ఇనుప మృగం కూడా కాళ్లు ముడుచుకుని, నానా తంటాలు పడి వంగింది. చివరికి ఏకాకిని కూడా పడి, లేచి, శత్రువులందరికీ ఎదురుగా నిలబడి తలవంచింది.

"ఇది యుద్ధమా, సన్మాన సభా?" అని అరిచాడు యజమాని. "ఒంటరిగా బతికేది ఒంటరిగా చావాలయ్యా! అప్పుడే కదా చూసేవాళ్లకి ఏడుపొచ్చేది!"

మేనత్త ముందుకొచ్చింది. ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది.

"నేనూ ఒంటరిదాన్నేనండీ. నన్ను చూసి ఏడవమని ఎవరికీ చెప్పలేదు. ఒంటరిగా ఉంటే చావాలని ఎక్కడుంది?"

"చావడం చేతకాదని చెప్పండమ్మా, సరిపోతుంది. పడిపోవడం కూడా ఒక విద్యేనా? ఎవరైనా చేస్తారు!"

"అయితే మీరు చేసి చూపించండి."

అందరి ముందూ అన్న మాట, వెనక్కి తీసుకోలేకపోయాడు. ఇంకో జత దుస్తులు తెచ్చారు. ఊపిరి బిగబట్టి బొజ్జని అందులోకి పంపాడు. కత్తి ఎత్తాడు, ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టులో తన పాదమే తనకి అడ్డుపడింది. బస్తాలా కూలిపోయాడు. నడుం పట్టేసింది.

"అమ్మో! లేపండి!"

దర్శకుడూ ఆపరేటరూ కంగారుగా ముందుకొచ్చారు. మేనత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. చచ్చాక లేవకూడదటగా?"

"లేవొచ్చమ్మా, లేవొచ్చు!"

"ఏకాకిని కూడా?"

"లేస్తుంది!"

"వందనం?"

"రోజంతా పెట్టుకోమనండి! గేమ్ కూడా ఉంటుంది, మీవాడూ ఉంటాడు! ముందు నన్ను లేపండి తల్లీ!"

ఆవిడే చెయ్యిచ్చి లేపింది. ఈ హడావిడిలో గుండీల కదలికలు పట్టే యంత్రం ఆపాలని ఆపరేటరుకి తట్టలేదు.

గేమ్ విడుదలయ్యాక అందులో రాక్షసరాజు చావు అతి సహజంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.